కాదనే పెట్టె

2069 నాటికి నిడదవోలులో పాలు, కూరలు, వేడి వేడి ఇడ్లీలు అన్నీ గాలిలో ఎగురుకుంటూ వచ్చి గుమ్మం ముందు వాలుతున్నాయి. మందులు కూడా అలాగే రావచ్చు, ఎవరూ వద్దనలేదు. కానీ డ్రోను పట్టుకొచ్చిన మందుని జనం నమ్మలేకపోయారు. ‘మొన్న నువ్విచ్చిన గులాబీరంగు మాత్రకి కడుపులో మంటెత్తింది, ఇంకో రంగుది చూడు’ అని చెప్పుకోవాలంటే ఎదురుగా ఒక మనిషి మొహం ఉండాలి. అందువల్ల కిరాణా కొట్లు, బట్టల కొట్లు మూతపడినా రైల్వే గేటు దగ్గర లాస్య మెడికల్స్ మాత్రం నిక్షేపంగా నడుస్తోంది. గేటు తీసేసి పాతికేళ్లయింది. అయినా ఆ చోటుని అందరూ గేటనే అంటారు.

షాపు యజమానీ, ఫార్మసిస్టూ నిశ్చల్ గారే. ఆయనకి యాభై ఎనిమిదేళ్లు. ఆ రోజుల్లో ఊళ్లో కీళ్ల నొప్పులవాళ్లంతా నిశ్చల్, జశ్వంత్, లాస్య, రిషిక లాంటి పాతకాలపు పేర్లవాళ్లే. పాతికేళ్లవాళ్లంతా అచ్చాయమ్మలు, పుల్లయ్యలు.

నిశ్చల్ గారు చదువులో బంగారం. ఏ మందు ఏ మందుతో కలిస్తే ఏమవుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. ఎవరికి ఏది ఇవ్వకూడదో ఆయనకి తెలిసినంతగా జిల్లాలో ఇంకెవరికీ తెలియదు. తెలిసీ ఇచ్చేసేవారు. మొహమాటం! ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ ‘కాదు’ అనడం ఆయన వల్ల అయ్యేది కాదు. మరీ తప్పకపోతే మందుల షాపులవాళ్లు తరతరాలుగా చెప్పే అబద్ధమే చెప్పేవారు: ‘స్టాకు లేదండి.’ అదీ ఆయనకి అచ్చిరాలేదు. ఒకసారి, తనకి ఐదో తరగతి చెప్పిన రిషిక టీచరు వచ్చి నిద్రమాత్రలు అడిగితే అలాగే అన్నారు. ఆవిడ చేతికర్రతో ఆయన భుజం మీదుగా అలమరలో మూడో వరస చూపించి, “అబద్ధమాడితే ఏం చేసేదాన్నో గుర్తుందా?” అంది. నిశ్చల్ గారు రెండు అట్టలు ఇచ్చేసి చేతులు వెనక్కి దాచుకున్నారు. ఆ తరువాత వారం రోజుల పాటు పొద్దున్నే ఆవిడ వీధిలోంచి నడుస్తూ, ఆవిడ లేచిందో లేదో ఇంటి గేట్లోంచి తొంగి చూసి వచ్చేవారు.

ఇలాంటి నిశ్చల్ గార్లు ఊరికి నలుగురు ఉన్నారని గ్రహించిన ఔషధ నీతి పరిశోధనా కేంద్రం 2067లో ఒక యంత్రాన్ని తయారుచేసి ప్రతి మందుల షాపుకీ పంపించింది. దాని అసలు పేరు నైతిక నిర్ణయ సహాయకం. చూడడానికి పెద్ద అన్నం క్యారియరంత ఉంటుంది. అందులో మూడు భాగాలు. పైన కరఫలకం, అంటే ఫార్మసిస్టు అరచెయ్యి ఆన్చే గాజుపలక. చేతి చెమటనీ నాడినీ కొలిచే సెన్సర్లు అందులో ఉంటాయి. ఫార్మసిస్టు కునికిపాట్లు పడుతూ మందులివ్వకుండా చూడడమే దాని పని. లోపల నిర్ణయ ఫలకం ఉంటుంది. అదే యంత్రానికి బుర్ర. రోగి ఆరోగ్య చరిత్ర, డాక్టరు చీటీ, చట్టాలు, లక్షమంది ఫార్మసిస్టుల అనుభవాలు, అన్నిటినీ కలిపి తూచే ప్రాసెసర్ అది. ముందువైపు స్పీకరు.

మందు అడగగానే ఫార్మసిస్టు అరచెయ్యి పలక మీద పెట్టాలి. యంత్రం ఆలోచించి, పచ్చదీపం వెలిగించి, “ఇవ్వవచ్చునండి” అంటే సొరుగుల తాళాలు తెరుచుకుంటాయి. లేదంటే ఎర్రదీపం వెలిగించి, పెద్దింటి కోడలి గొంతుతో, “క్షమించండి. కాదండి. డాక్టరు గారిని సంప్రదించండి” అంటుంది. తాళాలు పడిపోతాయి. జనం ఈ రెండోదే ఎక్కువగా గుర్తు పెట్టుకుని దానికి కాదనే పెట్టె అని పేరు పెట్టేశారు.

పెట్టె వచ్చాక నిశ్చల్ గారి జాతకమే మారిపోయింది. “నేనా? నేను ఇవ్వనంటానా బాబూ! చూస్తున్నారుగా దీని వరస” అని జనంతో కలిసి తనూ పెట్టెని తిట్టేవారు. తిడుతూ తిడుతూ ఒక కిలో ఒళ్లు కూడా చేశారు.

అన్నిటికంటే పెద్ద బరువు దిగింది మాత్రం బావగారి విషయంలో. జశ్వంత్ గారు నిశ్చల్ గారి చెల్లెలు లాస్య భర్త. షాపు పేరే ఆవిడ పేరు. ఇంటి అల్లుడు అడిగితే ఆ ఇంట్లో ఏ కాలంలోనూ ఎవరూ కాదన్నది లేదు. ఆయనకి మోకాళ్లు అరిగాయి. మార్పించుకోమంటే కోస్తారని భయం. అందుకని పదేళ్ల పాటు నొప్పి మాత్రలు పిప్పరమెంట్లలా చప్పరించారు. చివరికి మూత్రపిండాలు ముప్పావు వంతు పోయాయి. కొత్త మూత్రపిండాలు ముద్రించే విద్య ఇంకా కోతుల మీద ప్రయోగాల దగ్గరే ఆగి ఉంది. ఇంకొక్కసారి ఆ మాత్రలు మొదలుపెడితే మనిషిని డయాలసిస్ యంత్రానికి కట్టెయ్యడమేనని డాక్టరు లాస్యకి చెప్పాడు. ఆ మాత్రల్లో సగం తన చేత్తో ఇచ్చినవేనని నిశ్చల్ గారికి తెలుసు. తలుచుకుంటే ఆయనకి ముద్ద దిగేది కాదు.

పెట్టె వచ్చాక జశ్వంత్ గారు వారానికోసారి వచ్చి అడిగేవారు. పెట్టె కాదనేది. ఆయన పెట్టెని నానా మాటలూ అని, కాఫీ తాగి వెళ్లిపోయేవారు. రెండేళ్లుగా ఆయన రక్తపరీక్షలు కొద్దికొద్దిగా బాగుపడుతున్నాయి.

ఆ జూన్ నెలలో ఒక మధ్యాహ్నం షాపు ముందు ఒక అమ్మాయి దిగింది. భుజాన పరికరాల సంచీ.

“నమస్కారమండి. నీతి కేంద్రం నుంచి వచ్చాను. డాక్టర్ అచ్చాయమ్మని. ఈ పెట్టెలు తయారుచేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని.”

నిశ్చల్ గారు గబగబా లేచి నిలబడ్డారు. “రండమ్మా, కూర్చోండి. మజ్జిగ పుచ్చుకుంటారా? మా పెట్టె ఏమైనా తప్పు చేసిందా అండి?”

“తప్పా! రాష్ట్రంలో పదకొండువేల పెట్టెలుంటే పదకొండువేల మీదా ఫిర్యాదులేనండి, మీది తప్ప. పోయినేడు ఒక లారీ డ్రైవరుకి దారిలో ఇన్సులిన్ అయిపోయింది, గుర్తుందా? చీటీ గడువు ముందురోజే తీరిపోయిందని మూడూళ్లలో పెట్టెలు కాదన్నాయి. మీది ఇవ్వవచ్చునంది. అదే వారంలో అన్ని చీటీలూ సక్రమంగా పట్టుకొచ్చిన కుర్రాడికి మత్తెక్కే దగ్గుమందు కాదంది. తరువాత చూస్తే ఆ చీటీలన్నీ దొంగవి. అసలు ఇది ఎలా కనిపెట్టింది?”

“ఏమోనమ్మా. మంచి పెట్టె” అన్నారు నిశ్చల్ గారు, కూతురిని మెచ్చుకుంటే తండ్రి పొంగిపోయినట్టు.

“దీని నిర్ణయ ఫలకానికి నకలు తీసి మిగతా అన్ని పెట్టెలకీ ఎక్కించాలని మా డైరెక్టరు గారి ఆలోచన. రేపు పొద్దున్న పెద్దల ముందు చూపించాలట. నకలు లేకుండా రావద్దన్నారు.”

అచ్చాయమ్మ స్పీకరు తీగ ఊడదీసి, సొరుగుల తాళాలు తెరుచుకునేలా వాటి తీగ కూడా పీకేసి, వెనకవైపు మూతకున్న మరలు విప్పింది. మూత ఊడగానే కమురుకొబ్బరి వాసన గుప్పుమంది. చీమలు బారులు తీరి బయటికొచ్చాయి. నిర్ణయ ఫలకం ఉండాల్సిన చోట నల్లగా, ఎర్రగా, బూజుపట్టి, అడుగంటిన పాయసంలా ఏదో ఉంది. ఆమె పట్టకారుతో ఒక ముక్క లాగి ముక్కు దగ్గర పెట్టుకుంది.

“ఇదేంటండీ? కొబ్బరా?”

నిశ్చల్ గారు గొంతు సవరించుకున్నారు. “పెట్టె వచ్చిన కొత్తలో దసరా వచ్చిందమ్మా. ఆయుధ పూజ చేశాను. ఫ్రిజ్జుకీ, స్కూటరుకీ చేసినట్టే. పసుపూ కుంకం పెట్టి, కాయ కొట్టి, నీళ్లు పోశాను.”

“ఎక్కడ పోశారు?”

“అవిగో, ఆ బెజ్జాల్లో.”

“అవి గాలాడడానికండీ!”

“చల్లగా ఉంటుంది కదా అని...”

అచ్చాయమ్మ తల పట్టుకుంది. తరువాత తన చేతిపరికరాన్ని ఫలకానికి ఆనించి అంకెలు చదివింది. మళ్లీ చదివింది.

“ఇది ఆ దసరా రోజే చచ్చిపోయిందండి. పెట్టె వచ్చిన ఇరవయ్యో రోజు. రెండేళ్లు కావస్తోంది, దీనికి బుర్ర లేదు.”

“మరి మీకు రోజూ రిపోర్టు వెళ్తుంది కదమ్మా?”

“వస్తుంది. ‘అంతా సక్రమం’ అని వస్తుంది. ఆ ముక్క పంపే భాగం వేరేగా ఉంటుంది. దానికి మేం ఆ ఒక్క ముక్కే నేర్పాం” అంది అచ్చాయమ్మ, కొంచెం సిగ్గుపడుతూ.

“ఫలకం పోతే మరి మాట్లాడేది ఎవరు?”

అచ్చాయమ్మ తీగల వెంట వేలు పోనిస్తూ చాలాసేపు చూసింది. కరఫలకం నుంచి బయలుదేరిన తీగ, బుర్ర లేకపోయేసరికి, తిన్నగా గొంతుకి కలుస్తోంది. చేతికి చెమట పట్టి నాడి తడబడితే ఎర్రదీపం. చెయ్యి పొడిగా, నాడి నిదానంగా ఉంటే పచ్చదీపం. ఇంకేమీ లేదు.

“ఆ లారీ డ్రైవరు వచ్చినప్పుడు మీకేమనిపించిందండి?” అని అడిగింది నెమ్మదిగా.

“అనిపించేదేముందమ్మా? మనిషి కూలబడిపోయేలా ఉన్నాడు. ముందు మందు పడనీ, చీటీ సంగతి తరవాత చూసుకోవచ్చు అనుకున్నాను.”

“చెయ్యి చెమట పట్టిందా?”

“ఎందుకు పడుతుంది?”

“దగ్గుమందు కుర్రాడు వచ్చినప్పుడు?”

నిశ్చల్ గారు ఆలోచించారు. “వాడి చూపు నాకు నచ్చలేదమ్మా. అప్పుడే అచ్చేసినట్టు కొత్త కొత్త చీటీలు. అరచెయ్యి తడిసిపోయింది. పైగా వాడు మా వీధివాడే.”

“అయితే ఈ రెండేళ్లూ కాదన్నది పెట్టె కాదండి. మీరే!”

ఆమె ఏదో గొప్ప శుభవార్త చెప్పినట్టే చెప్పింది. నిశ్చల్ గారు మాత్రం స్టూలు మీద కూలబడ్డారు. పెట్టె వచ్చాక కూడా నిద్రమాత్రలకి వచ్చిన రిషిక టీచరు మొహం, దగ్గుమందు కుర్రాడి తండ్రి మొహం, చీటీ లేకుండా మందు అడిగిన ఎస్సై గారి మొహం ఒకదాని వెనక ఒకటి కళ్లముందు తిరిగాయి. వీళ్లందరినీ తను కాదన్నాడా?

“నెమ్మదిగా మాట్లాడండమ్మా,” అన్నారు వీధిలోకి చూస్తూ. “అంటే... మా బావగారిని కూడానా?”

అప్పుడే గుమ్మంలో జశ్వంత్ గారు నిలబడ్డారు, మోకాళ్ల మీద చేతులు ఆన్చుకుని.

“ఏంటోయ్, పెట్టె పొట్ట కోసేశారు?”

“రిపేరండి” అంది అచ్చాయమ్మ.

జశ్వంత్ గారి మొహం మతాబాలా వెలిగింది. “పాడైపోయిందా! రెండేళ్లకి దేవుడు కళ్లు తెరిచేడ్రా బాబూ. రేపు మా వియ్యంకుడితో కలిసి అన్నవరం మెట్లెక్కాలి. ఆయనకి డెబ్బయ్యేళ్లు, కుర్రోడిలా పరిగెడతన్నాడు. నేను సగంలో కూలబడితే మన పరువేం కావాలి? నాలుగు మాత్రలియ్యి. నాలుగంటే నాలుగే.”

“బావగారూ, సోమవారం మీకు రక్తపరీక్ష ఉందండి...”

“సోమవారం సంగతి సోమవారం. సొరుగులు తెరిచే ఉన్నాయిగా. ఇంక అడ్డం ఎవరు?” అని కౌంటరు మీద రెండు చేతులూ వేసి, చనువుగా ముందుకు వంగారు. “ఆ దిక్కుమాలిన పెట్టె అంటే అంది. నువ్వు నన్ను కాదంటావేంటి?”

ముప్పయి ఐదేళ్ల క్రితం చెల్లెలి పెళ్లిపీటల దగ్గర నిశ్చల్ గారి నాన్న, ఈయన ఏమడిగినా లేదనవద్దని కొడుక్కి చెప్పాడు. నిశ్చల్ గారి చెయ్యి దానంతట అదే సొరుగులోకి వెళ్లింది. వేళ్ల మధ్యకి అట్ట వచ్చింది. అచ్చాయమ్మ ఏదో అనబోయి, ఇంటి అల్లుడి వాలకం చూసి తనూ నోరు మూసుకుంది.

అట్ట జారుతోంది. అరచెయ్యి అంత తడిసిపోయింది మరి. నిశ్చల్ గారు దాన్ని సొరుగులోనే వదిలేసి, చెయ్యి తీసుకెళ్లి మూతలేని పెట్టె మీద, గాజుపలకకి ఆన్చారు. దీపం వెలగలేదు. స్పీకరు అచ్చాయమ్మ చేతిలో ఉంది.

“క్షమించండి,” అని ఒక సన్నటి ఆడగొంతు వినిపించింది. “కాదండి. డాక్టరు గారిని సంప్రదించండి.”

నిశ్చల్ గారు గోడ మీది క్యాలెండరు వైపు చూస్తున్నారు. పెదవులు కదలకూడదని ఆయన చాలా ప్రయత్నించారు కానీ మీసం కదిలింది.

జశ్వంత్ గారు పెట్టెని చూశారు. తరువాత ఆ అమ్మాయి చేతిలో వేలాడుతున్న స్పీకరుని చూశారు. చివరికి బావమరిది మీసాన్ని చూశారు. చూపు అక్కడే చాలాసేపు ఆగింది.

“కాదంటోందా?” అన్నారు.

“ఆయ్... కాదంటోందండి” అన్నారు నిశ్చల్ గారు క్యాలెండరుతో.

జశ్వంత్ గారు పెట్టె మీదికి వంగి, చీమలకి వినబడేలా, “సిగ్గు లేదటే నీకు? జాలీ దయా లేనిదానా!” అని వారంవారం తిట్టే తిట్లన్నీ తిట్టారు. తిట్టి, గుమ్మం దాకా వెళ్లి, అక్కడ ఆగారు.

“ఒరేయ్ నిశ్చలూ, ఓ మాట. అదే నువ్వు కాదన్నావనుకో, అప్పుడు నేను అలగాలి. అల్లుణ్ణి కదా, తప్పదు. అలిగి భోజనం మానెయ్యాలి. మీ చెల్లెలు ఏడవాలి. నువ్వు నలుగురు పెద్దమనుషుల్ని ఏసుకొచ్చి బతిమాలాలి. ఈ మోకాళ్లతో నా వల్ల అవుతుందేంట్రా అదంతా? పెట్టె అంటే ఏ గొడవా లేదు, తిట్టేసి ఇంటికెళ్లిపోవచ్చు. తొందరగా మూత బిగించెయ్యి. ఎవరన్నా చూత్తే బాగోదు.” రెండు మెట్లు దిగి మళ్లీ తిరిగారు. “సోమవారం పరీక్ష బాగా వచ్చిందంటే నేనే వచ్చి నీ పెట్టెకి కొబ్బరికాయ కొడతా.”

“వద్దు!” అని అరిచారు నిశ్చల్ గారు, అచ్చంగా తన సొంత గొంతుతో.

అల్లుడి మొహం మీద పుట్టి బుద్ధెరిగి ఆ మాట అనడం ఆయనకి అదే మొదలు. జశ్వంత్ గారు మెట్టు మీంచే, “ఇప్పుడన్నది కూడా పెట్టేనా?” అన్నారు.

“పెట్టేనండి” అంది అచ్చాయమ్మ గబగబా.

“అదీ,” అని తల పంకించి, రెయిలింగు పట్టుకుని, మూలుగుతూ దిగి వెళ్లిపోయారు. వియ్యంకుడితో మెట్లెక్కలేనని చెప్పుకోవడానికి ఆయన ఏదో ఒక కథ అల్లుకోవాలి. ఆ పని ఆయనకి కొత్త కాదు.

నిశ్చల్ గారు గ్లాసుడు మంచినీళ్లు గటగటా తాగారు. గుండెలో ఎన్నేళ్లుగానో ఉన్న రాయి ఏదో కదిలినట్టుంది. కళ్లు తుడుచుకుని నవ్వారు.

“చూశారా, మీకు ఈ పెట్టె అక్కర్లేదండి,” అంది అచ్చాయమ్మ. “తీసుకెళ్లిపోతాను.”

“అయ్యయ్యో, అంత పని చెయ్యకండి! నాకు అక్కర్లేకపోవచ్చు. బావగారికి కావాలి.”

పదిమంది శాస్త్రవేత్తలు తొమ్మిదేళ్లు కష్టపడి చేసిన నిర్ణయ ఫలకాన్ని అచ్చాయమ్మ పట్టకారుతో ఎత్తి చెత్తబుట్టలో వేసింది. చీమల్ని దులిపింది. తీగలు కలిపి, స్పీకరు పెట్టి, మూత బిగించింది. ఆ తరువాత మడత తెరని కౌంటరు మీద కాగితంలా పరిచి రిపోర్టు మొదలుపెట్టింది. ‘నిడదవోలు పెట్టె’ అని రాసి ఆగిపోయింది. ఇందులో బుర్ర లేదని రాస్తే పదకొండువేల బుర్రలూ దండగేనని తేలుతుంది. డైరెక్టరు గారు ఆమెకి పాఠాలు చెప్పిన గురువు. రిటైరవడానికి నెలే ఉంది. రేపు శాలువా కప్పుతారట. ఆయన ముందు నిలబడి ఈ సంగతి ఎలా చెప్పడం?

“ఫలకం బాగానే ఉంది, నకలు తీయడంలోనే ఏదో సాంకేతిక ఇబ్బంది వచ్చింది అని రాస్తే?” అంది తనలో తనే అనుకుంటున్నట్టు. “ఆయనకి శాలువా పడిపోయాక నెమ్మదిగా చెప్పొచ్చు కదండీ?”

నిశ్చల్ గారు మజ్జిగ కలపడానికి లేచారు. ఆయన మొహమాటస్థుడని చెప్పాను కదా.

“సరే, ముందు తీగలు సరిగా కలిశాయో లేదో చూడాలి” అని, అచ్చాయమ్మ మామూలుగా పరీక్షించడానికే అన్నట్టు తన అరచెయ్యి తీసి గాజుపలక మీద పెట్టింది.

ఎర్రదీపం వెలిగింది. “క్షమించండి,” అంది బుర్రలేని పెట్టె, పెద్దింటి కోడలి గొంతుతో. “కాదండి. డాక్టరు గారిని సంప్రదించండి.”

“నేనే డాక్టర్ని!” అని అరిచింది అచ్చాయమ్మ.

ఆమె అరచెయ్యిని చున్నీకి గట్టిగా తుడుచుకుని మళ్లీ పెట్టింది. పెట్టె మళ్లీ అదే మాట అంది. మూడోసారి చెయ్యి మార్చి ఎడమచెయ్యి పెట్టింది.

నిశ్చల్ గారు మజ్జిగ గ్లాసు ఆమె పక్కన పెట్టి, స్టూలు ముందుకు జరిపారు.

“మొదట్లో అందరికీ అలాగే కోపం వస్తుందమ్మా,” అన్నారు ఓదార్పుగా. “కావలిస్తే నాలుగు తిట్టండి. తిట్టేసి, కూర్చుని ఉన్నదున్నట్టు రాసెయ్యండి.”